మీకు తెలుసా? నాటింది ఒకరు, తవ్వేది ఇంకొకరు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో పెరట్లో వెదురు పెంచుకుంటే తప్పు లేదు. అది పక్కింటివాళ్ల స్థలంలోకి గానీ, రోడ్డు వెంట ఉన్న ప్రభుత్వ స్థలంలోకి గానీ పాకితేనే తప్పు. 2023 జనవరి 1 నుంచి అక్కడ ఇదే నిబంధన. మొదటిసారి జరిమానా 50 డాలర్లు. ఏడాదిలోపు మళ్లీ అదే జరిగితే 200 డాలర్లు. ఎంత పెరిగినా 12 నెలల్లో 3,000 డాలర్లు దాటదు. వాషింగ్టన్‌కు దగ్గర్లోని ఆ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. ఇల్లు కొనేముందు బేస్‌మెంటూ పైకప్పూ బడులూ అన్నీ చూసుకుంటాం గానీ, వెనక ఫెన్సింగ్ పక్కన పచ్చగా కనిపించే వెదురు వరసను పెద్దగా పట్టించుకోం. దాన్ని నాటింది పాత యజమానే కావచ్చు. ఇల్లు చేతులు మారాక అదుపులో పెట్టాల్సింది మాత్రం కొన్నవాళ్లే.

ఈ నిబంధన వర్జీనియా అంతటా లేదు. ఇలాంటివి పెట్టుకునే అధికారాన్ని 2017లో రాష్ట్రం స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చింది. కావాలనుకున్నవి పెట్టుకున్నాయి. కాబట్టి పక్క కౌంటీలో ఉన్న బంధువుల అనుభవం మీకు పనికిరాకపోవచ్చు.

వెదురంతా ఇలా పాకదు. మన అడవుల్లోని ముళ్ల వెదురు, సాధన వెదురు దుబ్బులుగా పెరిగేవి. భూమిలోని వాటి కాండం పొట్టిగా, లావుగా ఉంటుంది. కొత్త పిలకలు తల్లి దుబ్బును అంటిపెట్టుకునే లేస్తాయి. చైనా నుంచి వెళ్లిన ఫిల్లోస్టాకిస్ రకాల తీరు వేరు. వాటి సన్నటి భూగర్భ కాండం చాలావరకు అడుగు లోతులోపే అడ్డంగా సాగిపోతుంది. ఫెన్సింగ్ కిందుగా వెళ్లి, వసంతం రాగానే అవతలివాళ్ల గడ్డిలో మొలకెత్తుతుంది. పైన నరికితే చావదు. లోపల దాచుకున్న పిండిపదార్థంతో మళ్లీ లేస్తుంది. లేచిన ప్రతి మొలకనూ కొన్నేళ్లపాటు కొడుతూ పోతే ఆ నిల్వ తరిగిపోతుంది, లేదంటే మొత్తం తవ్వి తీయాల్సిందే. ముందే అడ్డుకట్ట వేయాలంటే దళసరి ప్లాస్టిక్ షీటును రెండున్నర అడుగుల లోతున పాతి, రెండంగుళాలు నేల పైకి వదులుతారు. ఆ పైకి వదిలిన అంచే కీలకం. షీటు ఎక్కి దాటబోయే భూగర్భ కాండాలు అక్కడే కంటబడతాయి, ఏటా చూసుకుని కత్తిరించవచ్చు.

కనెక్టికట్ రాష్ట్రం 2013లో తెచ్చిన చట్టం నాకు ఇంకా నచ్చింది. పక్కవాళ్ల హద్దుకు 40 అడుగుల లోపు పాకే వెదురు నాటాలంటే మట్టిలో అడ్డు గోడైనా ఉండాలి, నేల తగలని తొట్టిలోనైనా పెంచాలి. పొరుగు స్థలానికి నష్టం జరిగితే పరిహారంతో పాటు దాన్ని పెకలించే ఖర్చూ నాటినవారిదే. అంతకంటే ముఖ్యమైనది, ఇది వేగంగా వ్యాపించే మొక్క అని, దీనికి ఇలాంటి చట్టం ఉందని అమ్మేవారు కొనేవారికి రాతపూర్వకంగా చెప్పి తీరాలి. మొక్క ఇంకా నర్సరీ సంచిలో ఉండగానే చెప్పే మాట ఇది. పాకిన పదేళ్లకు వచ్చే నోటీసు కంటే ఎన్నో రెట్లు మేలు. మన నర్సరీల్లోనూ ఇలాంటి చీటీ ఒకటి ఇవ్వాలని గట్టిగా కోరుకుంటాను.

మన దేశంలో వెదురు కథ దీనికి పూర్తిగా తలకిందులు. 1927 నాటి భారత అటవీ చట్టం వెదురును చెట్ల కింద లెక్కగట్టింది. దాంతో సొంత పొలంలో పెంచిన వెదురును కొట్టి తరలించాలన్నా చాలాచోట్ల రైతుకు అనుమతులు కావలసి వచ్చేవి. అడవి వెలుపల పెరిగే వెదురును 2017లో కేంద్రం ఆ లెక్క నుంచి తప్పించింది. అయితే మన రెండు రాష్ట్రాల్లో నడిచేది 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం. కాబట్టి వెదురును లారీకి ఎత్తే ముందు అటవీ రేంజి కార్యాలయంలో ఒక మాట అడిగి తెలుసుకోండి.

సొంత స్థలంలోని మొక్కపై ఆంక్షలు మన ఉపఖండానికీ కొత్త కాదు. ఊదారంగు పూల అందం చూసి తెచ్చుకున్న గుర్రపు డెక్క బెంగాల్ వాగుల్నీ వరి పొలాల్నీ కమ్మేసింది. అప్పుడు, 1936లో, అక్కడ దానికోసమే ఒక చట్టం చేశారు. తోటల్లో, అలంకారపు తొట్లలో దాన్ని పెంచడం నిషేధం. ఎవరి అధీనంలోని నేలలో, నీటిలో ఉంటే వారే తీసి నాశనం చేయాలి.

ఇక సర్కారు తుమ్మ. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో వేశారు. వేయించింది మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్. మెట్ట నేలలకు వంటచెరకు దొరకాలన్నది ఉద్దేశం. 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం తమిళనాడులో ఈ చెట్లను తొలగించాలని, ప్రైవేటు భూముల్లోనివి యజమానులే తీసేయాలని ఆదేశించింది. కొన్ని నెలలకే ఆ పనులపై హైకోర్టే స్టే ఇచ్చింది. స్టే రావడమే మంచిదయిందని నా అభిప్రాయం. బొగ్గు కాల్చి బతికేవాళ్లున్నారు, ఈ పుల్లలతోనే పొయ్యి వెలిగించే ఇళ్లున్నాయి. పైగా మొదలు మిగిలితే ఇది మళ్లీ చిగురిస్తుంది. వేరుతో సహా పెకలించాలంటే జేసీబీ పెట్టించాలి. రెండెకరాల మెట్ట ఉన్న రైతుకు ఆ కిరాయి మామూలు భారం కాదు. ఒకప్పుడు ప్రభుత్వమే తెచ్చి నాటిన చెట్టును చిన్న రైతు చేలోంచి తీయించాలనుకుంటే, ఆ యంత్రం ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి.