సబ్బు చేయుటలో పాళ్ల లెక్క

పేరంటమునకు తాంబూలములు సిద్ధపరచుచున్నామనుకొందము. ఒక్కొక్క తాంబూలమునకు రెండు తమలపాకులు, ఒక వక్క. ఇంట 50 ఆకులును, 40 వక్కలును కలవు. 25 తాంబూలములు కాగానే ఆకులు ముగియును. 15 వక్కలు మిగిలిపోవును. లెక్కకు ఆకులే ఎక్కువ; అయినను ముందుగా ముగిసినవి అవియే. పాళ్లనుబట్టి చూడక, రాశినిబట్టి చూచిన మోసపోవుదుము.

రసాయన సంయోగమందును న్యాయమిదియే. ముందుగా ముగియు వస్తువును పరిమిత క్రియాజనకమనియు, మిగులుదానిని అధిక క్రియాజనకమనియు శాస్త్రజ్ఞులందురు. ఇంట సబ్బు చేసికొను స్త్రీలు ఈ లెక్క నెరుగకున్నచో తమ చేతులకును, పసిబిడ్డల మేనికిని ముప్పు వాటిల్లును.

నూనెయు, కాస్టిక్ సోడాయు కలసినప్పుడు సబ్బును, గ్లిసరినును ఏర్పడును. నూనె యణు వొక్కటి సోడా యణువులు మూడింటిని గైకొనును. తూకమున చూచినచో, 100 గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 18.3 గ్రాముల శుద్ధమైన సోడా సరిపోవును. కావున 500 గ్రాముల నూనెకు 91.5 గ్రాములు వలయును.

ఒకామె సబ్బు గట్టిపడవలెనని 100 గ్రాముల సోడా వేసినదనుకొందము. నూనె ముందుగా ముగిసి, 8.5 గ్రాముల సోడా సబ్బులోనే నిలిచిపోవును. చర్మమును కాల్చునది ఈ మిగులే. వేరొకామె 85 గ్రాములే వేసినది. ఆ సోడా సుమారు 464 గ్రాముల నూనెతో ముగిసిపోవును. తక్కిన 36 గ్రాముల నూనె మిగులును. దీనివలన హాని లేదు సరికదా, సబ్బు మేనికి మృదువుగా నుండును. కావున మిగులవలసినది నూనెయే గాని సోడా కారాదు.

నూనె మారినచో లెక్కయు మారును. వేరుసెనగ నూనె 100 గ్రాములకు సుమారు 13.6 గ్రాముల సోడాయే చాలును. కొబ్బరినూనెకు క్షేమకరమైన ఆ 85 గ్రాములే 500 గ్రాముల వేరుసెనగ నూనెలో వేసినచో, 17 గ్రాముల సోడా మిగిలి అపాయకర మగును.

చేతులకు రబ్బరు తొడుగులును, కండ్లకు అద్దములును ధరింపవలయును. సోడానే నీటిలో కొద్దికొద్దిగా వేయవలయును గాని, సోడాపై నీరు పోయరాదు. అల్యూమినియము పాత్రలు పనికిరావు. పిల్లలను దరి చేరనీయరాదు.

వంటలో కంటికొలత చాలును. సబ్బు పనిలో మాత్రము త్రాసు చెప్పినదే వినవలయును.