పీపాలో బీరు నిల్వ: ఆక్సిజన్‌తోనే అసలు పేచీ

అమెరికాలో 1978 నాటి సమాఖ్య చట్టం సొంత వినియోగానికి ఇంట్లో బీరు తయారుచేసుకోవడాన్ని పన్ను లేకుండా అనుమతించింది. అక్కడి గృహ తయారీదారులు ఒకప్పుడు శీతల పానీయాల సిరప్‌కు వాడిన, సుమారు 19 లీటర్లు పట్టే స్టీలు పీపాలలో దానిని నిల్వ చేస్తారు. స్టీలు గుండా వెలుతురు గానీ గాలి గానీ చొరబడవు. అయినా ఒకే వాయి నుంచి నింపిన రెండు పీపాలలో ఒకటి నెలల తరబడి బాగుండి, మరొకటి త్వరలోనే తడిసిన అట్ట వాసన వేయవచ్చు.

ఆ వాసనకు కారకంగా చెప్పే ట్రాన్స్-2-నోనెనాల్ లీటరుకు 0.1 మైక్రోగ్రాము ఉన్నా పసిగట్టవచ్చు. దాని మూలం బార్లీ గింజలోని కొవ్వు. లిపాక్సిజినేజ్ ఎంజైము అందులోని లినోలెయిక్ ఆమ్లాన్ని ఆక్సీకరిస్తుంది. వరి తవుడు ముక్కిపోవడంలోనూ ఈ ఎంజైముకు పాత్ర ఉంది. లిపాక్సిజినేజ్-1 లేని బార్లీ రకాలను ప్రజనన శాస్త్రజ్ఞులు రూపొందించడానికి కారణమిదే.

రకం ఏదైనా, నింపే పద్ధతి కీలకం. ఖాళీ పీపాలోకి కాసేపు కార్బన్ డయాక్సైడు వదిలితే గాలి పూర్తిగా పోదు, వాయువులు కలిసిపోతాయి. పీపాను క్రిమిసంహారక ద్రావణంతో అంచు వరకు నింపి, దానిని ఆ వాయువుతోనే బయటికి నెట్టి, మూత తెరవకుండా గొట్టం ద్వారా బీరు ఎక్కించాలి. కొద్దిగా చక్కెర చేర్చి పీపాలోనే మళ్లీ పులియనిస్తే ఈస్టు మిగిలిన ఆక్సిజన్‌లో కొంత వాడుకుంటుంది. 0–4 డిగ్రీల సెల్సియస్ చల్లదనం మార్పులను నెమ్మదింపజేస్తుందే తప్ప చేరిన గాలిని తొలగించదు.

హాప్స్ పరిమళమే ప్రధానమైన బీరును ఇంత శ్రమపడి దాచడం వృథా. బార్లీ వైన్ వంటి ఘాటైన రకమే ఏడాది నిల్వకు తగినది. దానికీ మూత వాషరు చుట్టూ సబ్బు నీటితో లీకు పరీక్ష తప్పదు.