బాంగర్ త్రోవ

ఐర్లండు పశ్చిమభాగమున, మేయో కౌంటీలో, నెఫిన్ బెగ్ పర్వతముల పడమటి యంచున, బాంగర్ ఎర్రిస్ నుండి న్యూపోర్టు వరకు సుమారు 40 కిలోమీటర్లు సాగు నొక పురాతనమార్గము కలదు. బండిబాట లేర్పడక పూర్వము పశువులను తోలుకొనిపోవువారు త్రొక్కి త్రొక్కి యేర్పరచిన దారి యది. పటమును చూచి దీనిని తేలిక యని తలంచువారు కలరు, ఏలయన ప్రక్కనున్న స్లీవ్ కార్ కొండ సైతము 721 మీటర్లే; కాని ఇచ్చట పథికుని పరీక్షించునది యెత్తు గాదు, నేల.

ఏటికి రెండు వందల దినములకు పైగా వాన కురియు నీ ప్రాంతమున, నీరు నేలలోని లవణములను కడిగివేసి, గాలి చొరకుండ నిండి నిలుచుటచేత, చచ్చిన మొక్కలు పూర్తిగా క్రుళ్ళక, ఒకదానిపై నొకటి పడి, పీట్ అనబడు నల్లని మెత్తని మన్నుగా పేరుకొనుచున్నవి. ఆ పేరుకొనుట ఏడాదికి ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే. కావున మోకాలివరకు దిగబడినవాడు ఐదు వందల యేండ్ల పూర్వమును త్రొక్కినవాడగును. బూటు ఊడి లోపలనే యుండిపోయినచో ఆ సంగతి వానికి స్ఫురించదేమో!

ఇచ్చట నడువదలచినవాడు ముందు కంటికి రంగులు నేర్పవలెను. ఊదావన్నె పూల హెదర్ పొదలున్నచోట అడుగు నిలుచును. ఇంపైన లేబచ్చని తివాసి కనబడినచోట తొలగిపోవలెను, అది స్ఫాగ్నం నాచు, దాని క్రింద నీరు తప్ప వేరు ఆధారము లేకపోవచ్చును. తన బరువునకు ఇరువదిరెట్ల వరకు నీటిని పీల్చుకొనగల ఈ నాచునే మొదటి ప్రపంచయుద్ధకాలమున ఎండబెట్టి సైనికుల గాయములకు కట్టిరి. దాని నడుమ, జిగురుబొట్లు మెరయు నెర్రని నూగుతో పురుగులను పట్టి భుజించు చిన్నమొక్కయు నుండును. నేల పెట్టని యాహారమును అది ఈగలయొద్ద సంపాదించుకొనుచున్నది.

వాన కురిసినంతనే వాగులు పొంగును, అన్నింటికిని వంతెనలు లేవు. కనుక వెనుకకు మరలుటకు వలయు పగటివేళను, తిండిని ముందే లెక్కించుకొనవలయును. వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ లాయిడ్ ప్రేగర్ 1937లో ప్రకటించిన తన గ్రంథమున ఈ కొండలను దేశములోనెల్ల మిక్కిలి ఏకాంతమైన చోటుగా పేర్కొనెను. ఆ యేకాంతము ఆయనకు దిగులు గాక ఉత్సాహమునే కలిగించినదట. నీడకై చూచిన దారిలో పెక్కుచోట్ల చెట్టు కానరాదు గాని, పీట్ కోసుకొనిపోయిన యొడ్డులలో, వేలయేండ్ల క్రిందట ఇచ్చట నిలిచిన పైన్ వృక్షముల మొద్దులు, క్రుళ్ళక, వేళ్ళతోగూడ, బయటపడుచుండును. అలసినవాడు కొంతసేపు పొడిగా కూర్చుండుటకు తరచుగా దొరకు నాసన మదియే.