కొండ ఆవ మొక్కను కాయే పట్టిస్తుంది

అడవి మొక్క పేరు తెలుసుకోవాలంటే ముందు పువ్వు చూడమంటారు. చాలా మొక్కల విషయంలో అది మంచి సలహానే. కొండ పచ్చికల్లో పెరిగే ఆవ కుటుంబపు మొక్కల దగ్గర మాత్రం సగం దారి వరకే పనికొస్తుంది. నాలుగు రేకులు ఎదురెదురుగా జతలుగా విచ్చుకుని, లోపల ఆరు కేసరాలుండి, వాటిలో నాలుగు పొడుగ్గా రెండు పొట్టిగా ఉంటే, ఆ మొక్క ఆవ కుటుంబానిదేనని దాదాపు నిస్సందేహంగా చెప్పొచ్చు. మన పొలంలో ఆవ పువ్వుకూ, విత్తనానికి వదిలేసిన ముల్లంగి పువ్వుకూ ఇదే అమరిక. చిక్కు కూడా అక్కడే ఉంది. సుమారు నాలుగు వేల జాతులున్న ఈ కుటుంబంలో ఇంచుమించు అన్నీ ఒకే నమూనాలో పూస్తాయి. అందరికీ ఉన్న గుర్తు ఎవరి గుర్తూ కాదు. కుటుంబం పేరు పువ్వు చెబుతుంది, జాతి పేరు కాయను అడగాలి.

అమెరికా పడమటి రాష్ట్రాల్లో, రాకీ పర్వతాల మీద పెరిగే బోచెరా ప్రజాతిని చూస్తే ఇది స్పష్టమవుతుంది. ఇందులో వందకు పైగా జాతులున్నాయి. స్ట్రిక్టా, రెట్రోఫ్రాక్టా అనే రెండింటినీ పక్కపక్కన పెడితే రెండింటివీ చిన్న పువ్వులే, రెండింటివీ తెలుపు నుంచి లేత ఊదా వరకు ఉండే రంగులే. కాయలు ముదిరాక చూడండి. స్ట్రిక్టా కాయలు పైకి లేచి కాడకు అంటుకుని నిలబడతాయి. రెట్రోఫ్రాక్టా కాయలు కిందికి వంగి వేలాడతాయి. ఇక అడుగు ఆకుల మీది నూగును పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూస్తే రెండో సాక్ష్యం దొరుకుతుంది. స్ట్రిక్టా ఆకు మీద ఒక్కో రోమం రెండు కొమ్మలుగా చీలి ఆకుకు అదిమిపెట్టినట్టు పడుకుని ఉంటుంది. రెట్రోఫ్రాక్టా ఆకు మీద అది అనేక కొమ్మలుగా విచ్చుకుంటుంది. కాయ నిలిచే తీరు, నూగు చీలే తీరు, ఈ రెండూ కలిస్తే తీర్పు చాలావరకు ఖాయమైనట్టే.

పువ్వునే నమ్ముకుంటే ఎంత దూరం దారి తప్పుతామో చెప్పడానికి ఇదే ప్రజాతిలో ఒక ఉదాహరణ ఉంది, నిజంగా అబ్బురపరిచేది. మంచు కరిగిన కొత్తలో కొన్ని బోచెరా మొక్కల కొసన చిక్కటి పసుపు పువ్వులాంటిది కనిపిస్తుంది. తీపి జిగురు ఊరుతుంది, వాసన ఉంటుంది, ఈగలూ తేనెటీగలూ వాలతాయి. అది పువ్వు కాదు. పుక్సీనియా మోనోయికా అనే తుప్పు తెగులు శిలీంధ్రం మొక్కలో చేరి, కొసన ఆకుల్ని గుత్తిగా పెంచి, వాటికి పసుపు పులిమిన రూపం అది. వాలిన పురుగులు శిలీంధ్రపు కణాలను ఒక మొక్క నుంచి మరో మొక్కకు చేర్చి దాని సంతానోత్పత్తికి తోడ్పడతాయి. తెగులు సోకిన మొక్క మామూలుగా తన సొంత పువ్వు పూయనే పూయదు. బార్బరా రాయ్ అనే శాస్త్రవేత్త 1993లో నేచర్ పత్రికలో ఈ సంగతి వివరించారు. అదే పచ్చికలో పూసే బటర్‌కప్ పువ్వులను పోలిన ఈ వేషాన్ని చూసి పసుపు పువ్వుల కొత్త మొక్క అనుకోవడం ఎవరికైనా సులువే. వేలితో తడిమి, రేకులూ కేసరాలూ లేవని గమనిస్తే గానీ గుట్టు బయటపడదు.

కొండల్లో వేసవి చిన్నది, వెళ్లినవారికి పువ్వులే కనిపిస్తాయి, కాయల కోసం ఎక్కడ ఆగుతారని ఎవరైనా అడగవచ్చు. ఆగనక్కరలేదు. ఆవ కుటుంబంలో పూగుత్తి కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది కాబట్టి, కొసన మొగ్గలుండగానే కింద లేతకాయలు కట్టి ఉంటాయి. నిరుటి ఎండుకాడ ఇంకా నిలిచి ఉంటే మరీ మంచిది. కాయ రెండు తొక్కలూ రాలిపోయాక మధ్యనున్న పలుచటి పొర చట్రంతో సహా మిగులుతుంది. కాయ పొడవూ, వెడల్పూ, అది నిలిచిన దిక్కూ ఆ ఎండుకాడ మీద కూడా చదవవచ్చు. ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు ఉన్నాయి కదా అనేవారికీ ఇదే జవాబు. పువ్వు ఫొటో ఒక్కటే ఇస్తే యాప్‌కు దొరికేది కూడా కుటుంబపు గుర్తే. కాడ మొత్తం, కాయలు, అడుగు ఆకు దగ్గరి నుంచి, ఈ మూడు ఫొటోలు ఉంటే యంత్రానికైనా మనిషికైనా పని జరుగుతుంది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. కాయ కూడా మోసం చేస్తుంది కదా? చేస్తుంది. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ మొక్కలను పొట్టి కాయలవి, పొడుగు కాయలవి అని రెండుగా విడదీశాడు. ఆ విభజన వంశవృక్షానికి సరిపోలేదు, ఎందుకంటే కాయ పొట్టిదవడం, పొడుగవడం ఈ కుటుంబంలో వేర్వేరు శాఖల్లో విడివిడిగా జరిగింది. బోచెరా జాతులను కూడా చాలాకాలం అరబిస్ అనే ప్రజాతిలోనే కలిపి ఉంచారు, పొడవాటి చదును కాయలు రెండింటికీ ఉన్నాయి కనుక. కానీ క్రోమోజోముల ప్రాథమిక సంఖ్య బోచెరాలో 7, అరబిస్‌లో 8. ఆపై డీఎన్ఏ పరీక్షలు ఈ రెండూ దగ్గరి చుట్టాలు కావని తేల్చాయి. అయితే ఎవరికి ఎవరు చుట్టం అన్నది ఒక ప్రశ్న, ఎదురుగా ఉన్న మొక్క ఏది అన్నది ఇంకొక ప్రశ్న. మొదటిదానికి ప్రయోగశాల కావాలి. రెండోదానికి కాయా నూగూ చాలావరకు సరిపోతాయి. చాలావరకు అనడానికి కారణం సంకరాలు. స్ట్రిక్టాకు, రెట్రోఫ్రాక్టాకు పుట్టిన సంకరాల కాయలు పైకీ కిందికీ కాకుండా పక్కలకు చాచుకుని ఉంటాయి. పైగా బోచెరా సంకరాలు చాలావాటికి ఫలదీకరణ లేకుండానే గింజ కట్టే శక్తి ఉంది, అందువల్ల ఆ నడిమి రూపం తరాల తరబడి అలాగే సాగుతుంది. అలాంటి మొక్క ఎదురైతే "ఏదో సంకరం" అని రాసుకోవడమే సరైన గుర్తింపు, బలవంతంగా ఒక పేరు తగిలించడం కాదు.

ఇంత తంటా ఎందుకు, అడవి ఆవ అంటే సరిపోదా? అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో బోచెరా పుసిల్లా అనే పొట్టి మొక్క ఉంది. అది పెరిగేది ఒకే ఒక్క చోట. దాన్ని కాపాడాలంటే ఆ చోట ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాలి. చుట్టూ ఉన్న దాని చుట్టాల నుంచి వేరుచేసి చూడగలిగినవారే ఆ లెక్క తీయగలరు.