వేవిళ్లే కదా అని ఊరుకోవద్దు

మా ఇంట్లో జరిగిందే చెబుతాం. కుప్పం వైపు నుంచి హొసూరుకు వచ్చిన కోడలికి రెండో నెల. పొద్దున లేస్తే వాంతి, పోపు వాసన తగిలితే వాంతి. "వేవిళ్లే కదా, మేమంతా పడలేదా" అన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. మేమూ తలూపాం. రెండో రోజు సాయంత్రానికి ఆ పిల్ల కడుపులో గుక్కెడు నీళ్లు కూడా నిలవలేదు. పొద్దుటి నుంచి మూత్రం రాలేదన్న సంగతి ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. మామగారి ముందు ఎలా చెబుతుంది? ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాకే తేరుకుంది. ఆ రోజు డాక్టరమ్మ పెట్టిన చీవాట్లు మాకు న్యాయమే అనిపించాయి.

వేవిళ్లు మామూలుగా 6వ వారం దగ్గర మొదలై, 9, 10 వారాలకు ముదిరి, 12 నుంచి 16 వారాల మధ్య చాలామందికి తగ్గుతాయి. ఈ లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి. పొద్దునే రావాలని లేదు, రాత్రి కూడా రావచ్చు. బిడ్డ వైపు నుంచి తల్లి రక్తంలోకి చేరే జీడీఎఫ్15 అనే హార్మోను దీనికి ముఖ్య కారణమనీ, అది కొందరి ఒంటికి ఎక్కువ పడదనీ 2023లో పరిశోధకులు చూపారు. కాబట్టి కోడలిది గారాబం అనడం ఇక మానుకోవాలి.

ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది. లేవకముందే పక్క మీదే గుప్పెడు బొరుగులో, ఒక రస్కో తిని, కాసేపాగి లేవాలి. రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా తినాలి. నీళ్లు తిండితో కలిపి కాకుండా మధ్యమధ్యలో గుక్కగుక్కగా తాగాలి. ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ మంచివి. అల్లం కొందరికి పనిచేస్తుంది. వేడి తిండి కంటే ఆరిన తిండికి వాసన తక్కువ. ఆ నెల రోజులూ పోపు పెట్టే పని ఇంకొకరు చేస్తే ఏమీ పోదు, మగవాళ్లయినా సరే. వాంతి కాగానే పళ్లు తోమకుండా నీళ్లతో పుక్కిలిస్తే చాలు.

తగ్గకపోతే డాక్టర్లు బి6 విటమిను, దానితో డాక్సిలమిన్ కలిసిన మాత్ర ఇస్తారు. గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్న మందే, భయపడి పారేయొద్దు. అలాగని మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దు.

24 గంటలుగా ఏదీ నిలవకపోయినా, 8 గంటలుగా మూత్రం రాకపోయినా, వచ్చింది ముదురు రంగులో ఉన్నా, లేస్తే కళ్లు తిరిగినా, వాంతిలో రక్తం పడినా, కడుపు నొప్పి, జ్వరం ఉన్నా ఆగకూడదు. 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గినా అంతే. 10 వారాల తర్వాత కొత్తగా మొదలైతే అవి వేవిళ్లు కాకపోవచ్చు, చూపించుకోవాలి. వారాల తరబడి వాంతులైన మనిషికి మాట తడబడినా, నడక తూలినా బి1 విటమిను తగ్గిందేమో, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

మన వాళ్లకు ఇంకో చిక్కుంది, భాష. వేవిళ్లంటే ఇక్కడి నర్సుకు తెలియదు, తమిళంలో మసక్కై అంటారు. వాంతిని ఇక్కడ వాంది అన్నా, ఒడిశాలో బాంతి అన్నా అర్థమవుతుంది, కన్నడంలో వాంతే. మహారాష్ట్రలో మాత్రం ఉలటీ అనాలి. ఎన్నో వారం, రోజుకు ఎన్ని వాంతులు, చివరిసారి మూత్రం ఎప్పుడు, బరువెంత అన్నవి చీటీ మీద రాసి చేతిలో పెట్టండి. గుమాస్తా బుద్ధి అనుకోండి, మా కోడలికి రెండోసారి అదే పనికొచ్చింది. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి.