పాత జీపు స్టీరింగు బాక్సులో నూనె ఎందుకు కారును?

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సైన్యము వదలిన జీపులు మన దేశములో ప్రజల చేతికి వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము మహీంద్రా సంస్థ అమెరికాలోని విల్లీస్ వారి అనుమతితో అట్టి జీపులనే ఇచ్చట తయారుచేసినది. గులకదారులు, వంకలు, వాగులు గల కర్నూలు, కడప ప్రాంతములకు ఈ బండి బాగుగా సరిపడినది. అయితే పాత జీపును ఒక రాత్రి నిలిపియుంచినచో, స్టీరింగు బాక్సు క్రింద నేలపై నల్లని నూనెమరక తరచుగా కనిపించును. ఈ నూనె కారుటకు కారణమేమి? దానిని ఆపుట ఎట్లు?

ముందుగా బాక్సు పని తెలియవలెను. డ్రైవరు స్టీరింగు త్రిప్పగా దాని కడ్డీ క్రిందికొన యందున్న ‘కామ్’ తిరుగును. కామ్ మీద మరమేకు చుట్టువంటి గాడి కలదు. ఒక అడ్డ షాఫ్టుకు అమర్చిన మొనలు ఈ గాడిలో ఇమిడియుండును. కామ్ తిరిగినప్పుడు గాడి ఆ మొనలను నెట్టును. షాఫ్టు కొంచెము తిరుగును. దాని వెలుపలి కొనకు బిగించిన డ్రాప్ ఆర్మ్ కదలి ముందుచక్రములను మరల్చును. ఉక్కు ఉక్కుతో రాచుకొనుచోట కందెన అవసరము. కందెన లేనిదే ఎద్దుబండి ఇరుసైనను నిలువదు గదా! అందుచేత బాక్సులో చిక్కని గేరాయిలు పోయుదురు.

షాఫ్టు బాక్సునుండి వెలికివచ్చుచోట రెండు ఏర్పాట్లు కలవు. ఒకటి లోహపు బుష్షు, రెండవది రబ్బరు పెదవిగల ఆయిల్ సీలు. బుష్షు షాఫ్టు బరువును మోయును. సీలు నూనెకు కావలి కాయును. ఈ భేదమును మరచుటవలననే చాలమంది సీలు వెంట సీలు మార్చుచుందురు గాని, కారుట మాత్రము ఆగదు.

బుష్షు అరిగినచో షాఫ్టుకును దానికిని మధ్య సందు పెరుగును. సన్నని సందులో ద్రవము ప్రవహించునప్పుడు ప్రవాహము సందు వెడల్పు యొక్క ఘనమును అనుసరించును. అనగా 0.05 మిల్లీమీటర్ల సందు 0.10 అయినచో, తక్కిన విషయములు మారనంతవరకు, ప్రవాహము రెండింతలు గాక ఎనిమిదింతలు అగును. పైగా షాఫ్టు నడుమ నిలువక పూర్తిగా ఒక ప్రక్కకు ఒరిగినచో అది ఇంకను రెండున్నర రెట్లు కావచ్చును. ఊగులాడు షాఫ్టును రబ్బరు పెదవి అన్నివైపుల అంటిపట్టుకొనలేదు. కావున నూనె కారుట రోగము కాదు, రోగలక్షణము, రోగము బుష్షులోనున్నది.

రాయలసీమ ఎండ దీనికి తోడగును. వేసవిలో ఇచ్చట గాలి ఉష్ణోగ్రతయే 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటును. ఇంజను ప్రక్కనున్న బాక్సు మరింత వేడెక్కును. 90 నంబరు గేరాయిలు స్నిగ్ధత 40 డిగ్రీల వద్ద ఉన్నదానిలో 70 డిగ్రీల వద్ద సుమారు నాలుగవ వంతే మిగులును. స్నిగ్ధత తగ్గినకొలది ప్రవాహము హెచ్చును. చల్లని ఆముదమును, వేడినీటి గిన్నెలో ఉంచి వెచ్చచేసిన ఆముదమును ఒకే సన్నని గరాటు గుండా పోసి, పట్టిన కాలమును కొలిచినచో విద్యార్థులు ఈ సంగతిని స్వయముగా గ్రహింపవచ్చును.

మూడవది ధూళి. నూనెతడికి దుమ్ము అంటుకొనును. కడప బండ వంటి సున్నపురాయి పొడి మెత్తనిది. ఆ రాతిని చాకుతో గీయవచ్చును. ఇసుకలోని క్వార్ట్జు అట్లు కాదు. మోహ్స్ కొలమానములో దాని కఠినత్వము 7, అది చాకునే గీయును. అట్టి రేణువులు సీలు పెదవిలో చిక్కుకొని షాఫ్టు మీద గాడి చేయును. ఆ గాడి మీదనే క్రొత్త సీలు నిలిపినను ఫలితముండదు.

ఇక చికిత్స. బాక్సు వెలుపలి భాగమును కిరసనాయిలుతో కడిగి, బాగుగా ఆరిన పిమ్మట సుద్దపొడి చల్లి, స్టీరింగును అటునిటు త్రిప్పవలెను. పొడి మొదట తడిసిన చోటే నూనె దారి. అది మూత అంచు అయినచో ప్యాకింగు మార్చిన చాలును. షాఫ్టు కొన అయినచో, దానిని పట్టుకొని పైకి, క్రిందికి కదిపి చూడవలెను. కదలినచో బుష్షులు మార్చి, షాఫ్టుకు సరిపడునట్లు లోపలి రంధ్రమును సవరింపవలెను. షాఫ్టు అరిగియున్న దానినికూడ మార్చవలెను. ఆ తరువాతనే, పెదవి నూనెవైపు ఉండునట్లు క్రొత్త సీలు దింపవలెను. డ్రాప్ ఆర్మ్ విప్పుటకు పూర్వము దాని స్థానమునకు గుర్తు పెట్టుకొనవలెను. సుత్తితో కొట్టక పుల్లరుతో లాగవలెను.

కొందరు నూనెకు బదులు గట్టి గ్రీజు కూరుదురు. కారుట ఆగును గాని, కామ్ తిరుగుచు గ్రీజును ప్రక్కకు నెట్టి తనచుట్టు ఖాళీ చేసికొనును. గట్టి గ్రీజు తిరిగి ఆ చోటికి ప్రవహింపదు. ఫలితముగా నిండిన బాక్సులోనే కామ్ పొడిగా తిరుగును. మరికొందరు ప్రక్కనున్న సర్దుబాటు మరను బిగింతురు. అది మొనలకు, గాడికి నడుమనున్న ఆటను సరిచేయుటకే గాని నూనెను ఆపుటకు కాదు. ఎక్కువ బిగించినచో మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను తిన్నగా రాదు.

అన్నిటికంటె మోసకరమైనది, ఏమియు చేయకుండగనే కారుట ఆగిపోవుట. బాక్సు ఖాళీ అయినను కారుట ఆగును! అప్పుడు మొనలు త్వరగా అరిగి, స్టీరింగు త్రిప్పినను చక్రములు వెంటనే మరలవు. నంద్యాల నుండి గిద్దలూరు పోవు నల్లమల కనుమదారి మలుపులలో ఆ ఆలస్యము ప్రాణాపాయకరము. కావున నేలమీది మరకను చూచుటతో తృప్తి చెందక, నూనెపోయు రంధ్రపు మూత విప్పి లోపలి మట్టమును అప్పుడప్పుడు పరీక్షించుట మంచిది.