చేతి గేమింగ్ పరికరాల వర్గీకరణ: ప్రధానపద విచారణ

అరచేత ఇమిడే గేమింగ్ పరికరం కంప్యూటరు పనీ చేస్తే దానిని ఏ వర్గంలో చేర్చాలి? సుంకాల పట్టికలో వీడియో గేమ్ కన్సోళ్లు 9504 శీర్షికలోను, కంప్యూటర్లు 8471లోను ఉన్నాయి. 2023 ఆగస్టు 3న కేంద్రం దిగుమతి ఆంక్షలు ప్రకటించినది 8471 కిందికి వచ్చే లాప్‌టాప్, టాబ్లెట్ వంటి వాటిపైనే. కనుక ఈ భేదం నామమాత్రం కాదు.

ఆకారం ఇక్కడ ప్రమాణం కాజాలదు. వాడుకరి తన అవసరం మేరకు స్వేచ్ఛగా ప్రోగ్రాం చేసుకోగలగడం 8471కు విధించిన షరతులలో ఒకటి. నింటెండో స్విచ్ (2017) ఆ స్వేచ్ఛ ఇవ్వలేదు. లినక్స్ ఆధారిత స్టీమ్ డెక్ (2022) ఇచ్చింది. తాడేపల్లిగూడెం ఎన్.ఐ.టి. విద్యార్థి దానికి కీబోర్డు తగిలించి ప్రోగ్రాం రాసుకోవచ్చు.

సమాస పరిభాషలో, స్విచ్ ఏకపదార్థ ప్రధానమైన తత్పురుషం వంటిది. డెక్ ఉభయపదార్థ ప్రధానమైన ద్వంద్వం. సుంకాల పట్టిక ఒకే గడిని కోరినా, పరిశోధకుడు రెండు ప్రయోజనాలనూ నమోదు చేయాలి.